సైలెంట్ హిల్ 2: పదే పదే అడిగే ప్రశ్నలకు ఒక పాత అభిమాని జవాబులు

సైలెంట్ హిల్ 2 అనే ఈ వీడియో గేమ్ పేరెత్తితే నేను ఓ పట్టాన ఆగనని తెలిసినవాళ్లు కూడా మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు వేస్తుంటారు. నోటితో చెప్పిందే చెప్పడం విసుగనిపించి ఒకచోట రాసి పెడుతున్నాను. మొదటి సగంలో కథ గుట్టు విప్పను. విప్పబోయే ముందు హెచ్చరిక ఉంటుంది. ఆట ఆడనివాళ్లు అక్కడ ఆగిపోవడం మంచిది.

ఇది ఎప్పటి ఆట? ఎవరు చేశారు?

కోనామి సంస్థలో టీమ్ సైలెంట్ అనే బృందం చేసిన సర్వైవల్ హారర్ ఆట ఇది, అంటే భయం మధ్య ప్రాణాలు కాపాడుకుంటూ సాగే రకం. 2001 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. దర్శకుడు మసాషి త్సుబోయామా. కథ రాసినది హిరోయుకి ఓవాకు. ఆ వికృత జీవులను ఊహించి గీసినది మసాహిరో ఇటో. పాత్రల ముఖాల్లో, కథాదృశ్యాల్లో కనిపించే పనితనం తకయోషి సాటోది. సంగీతంతో పాటు శబ్దాల బాధ్యత కూడా అకిరా యమవోకాది. ఈ చివరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి భాగం ఆడకుండా నేరుగా ఇది ఆడవచ్చా?

నిశ్చింతగా ఆడవచ్చు. 1999లో వచ్చిన మొదటి భాగంలో హ్యారీ మేసన్ అనే తండ్రి తప్పిపోయిన కూతురి కోసం వెతుకుతాడు. ఒక రహస్య మతశాఖ, దాని పూజలు, పుట్టబోయే దేవత, ఇలా ఆ కథ దారి వేరు. రెండో భాగం ఆ కథ జరిగిన సైలెంట్ హిల్ అనే ఊరిని మాత్రం ఉంచుకుని మనుషులందరినీ మార్చేసింది. మొదటి కథకు అసలైన కొనసాగింపు 2003లో మూడో భాగంగా వచ్చింది.

సీక్వెల్ అనగానే అదే నాయకుడు, అదే శత్రువు, ఇంకాస్త పెద్ద తుపాకీ అనుకునే అలవాటు మనది. అంత బాగా ఆడిన మొదటి భాగం తర్వాత ఈ బృందం పాత్రలను వదిలేసి ఊరిని మాత్రం చేతపట్టుకోవడం నాకు ఇప్పటికీ సాహసంగానే కనిపిస్తుంది. మొదటి భాగంలో ఊరికి పట్టిన పీడ ఒక అమ్మాయి బాధలోంచి వచ్చింది. రెండో భాగంలో ఎవరు అడుగుపెడితే వాళ్ల బాధను బట్టి ఊరు మారుతుంది.

గుట్టు విప్పకుండా కథ చెప్పగలరా?

జేమ్స్ సండర్‌ల్యాండ్ అనే మామూలు మనిషికి భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది. "మన ప్రత్యేకమైన చోట" నీ కోసం ఎదురుచూస్తున్నానని అందులో ఉంటుంది. మేరీ జబ్బు చేసి మూడేళ్ల క్రితం చనిపోయింది. చనిపోయినవాళ్లు ఉత్తరాలు రాయరని అతడికీ తెలుసు. అయినా కారెక్కి వచ్చేస్తాడు.

ఆట మొదలయ్యేసరికి అతడు ఊరి బయట, సరస్సు కనిపించే చోట, ఒక మురికి మరుగుదొడ్డిలో అద్దం ముందు నిలబడి ఉంటాడు. ముఖం మీద చెయ్యి పెట్టుకుని తనను తాను చూసుకుంటాడు. అక్కడి నుంచి ఊళ్లోకి నడక. దారి మూసేసి ఉంటుంది కాబట్టి కారు వదిలేసి, అడవి బాటన దిగి వెళ్లాలి. ఆ బాట ఎంతకూ తరగదు. నిమిషాల కొద్దీ నడిచినా ఏ జంతువూ మీదికి దూకదు, ఎవరూ ఎదురుపడరు. కాలి కింద మట్టి చప్పుడు, పొగమంచు, పక్కన ఎక్కడో ఏదో కదిలినట్టు అనుమానం. మొదటిసారి ఆడినప్పుడు సగం దూరం వెళ్లాక, తిరిగి కారు దగ్గరికి పోవాలంటే ఇంత దూరమూ మళ్లీ నడవాలి కదా అనిపించింది. ఆ బాటను అంత పొడుగ్గా వేసింది ఆ లెక్క నా చేత వేయించడానికే అయి ఉంటుంది.

అంత పొగమంచు ఎందుకు? యంత్రం చాలకనా?

మొదటి భాగం విషయంలో అది నిజం. తొలి ప్లేస్టేషన్ దూరపు వీధులను గీయలేకపోయేది. ఆ లోపాన్ని పొగమంచుతో, చీకటితో కప్పారు. రెండో భాగానికి అంత అవసరం లేదు. అప్పటికి పొగమంచు ఆ ఊరి సొంత ఆస్తి అయిపోయింది. అందుకే ఇందులో దాన్ని దాచుకోవడానికి కాక, చూపించడానికి గీశారు. పొరలు పొరలుగా కదులుతుంది, జేమ్స్ చుట్టూ చుట్టుకుంటుంది.

దానికి తోడు తెర మొత్తం సన్నని ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. ఆట ఒకసారి పూర్తి చేశాక ఆ గరుకును తీసేసే వీలు ఇస్తారు. నేను ఒకసారి తీసి చూశాను. గోడలు శుభ్రంగా, బొమ్మల్లా కనిపించాయి. రెండు నిమిషాల్లో మళ్లీ పెట్టేశాను.

ఆడటం ఎలా ఉంటుంది? పోరాటం చెత్తగా ఉంటుందని విన్నాను.

బాగుండదు. ఇందులో వాదించేందుకు ఏమీ లేదు. జేమ్స్ సైనికుడు కాడు, పోలీసు కాడు. మొదట చేతికి దొరికేది మేకులు తేలిన చెక్కముక్క. దాన్ని ఎత్తి కొట్టేలోపు ఎదుటిది ఒకసారి కొడుతుంది. తర్వాత ఇనుప గొట్టం, పిస్తోలు, షాట్‌గన్, వేట తుపాకీ దొరుకుతాయి. ఆఖర్లో ఒక పెద్ద కత్తి కూడా దొరుకుతుంది. అది ఎంత బరువంటే జేమ్స్ దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తాడు, ఎత్తడానికే ఒక యుగం పడుతుంది. ఆ కత్తి అసలు యజమాని సంగతి తర్వాత చెబుతాను.

కొత్తవాళ్లకు పనికొచ్చే మాటలు మూడు. వీధుల్లో ఎదురైన ప్రతిదానితోనూ తలపడకండి, పక్కనుంచి పరుగెత్తితే చాలావరకు తప్పించుకోవచ్చు. టార్చి ఆర్పేస్తే ఆ జీవులు మిమ్మల్ని అంత త్వరగా పసిగట్టవు, కానీ చీకట్లో జేమ్స్ మ్యాపు చదవలేడు, ఏది నయమో మీరే తేల్చుకోవాలి. ఇక గదిలోకి వెళ్లగానే జేమ్స్ తల ఎటు తిరుగుతుందో చూడండి. తీసుకోదగిన వస్తువు ఉంటే అతడు దానివైపు చూస్తాడు. తెర మీద బాణం గుర్తులు, మెరుపులు ఏమీ ఉండవు, ఆ చిన్న తల కదలికే సైగ.

పోరాటానికీ, చిక్కు ప్రశ్నలకూ కష్టాన్ని విడివిడిగా ఎంచుకోవచ్చు. ఇది చాలా మర్యాదగల ఏర్పాటు. తుపాకీ పట్టడం చేతకానివాళ్లు కూడా కఠినమైన పొడుపుకథలతో కుస్తీ పట్టవచ్చు. అపార్ట్‌మెంట్లలో వచ్చే నాణేల చిక్కునే తీసుకోండి. ముసలివాడు, పాము, ఖైదీ బొమ్మలున్న మూడు నాణేలను ఒక బల్లలోని గుంటల్లో సరైన వరుసలో పెట్టాలి. కష్టాన్ని మార్చితే పక్కనున్న పద్యమూ మారిపోతుంది, జవాబూ మారిపోతుంది.

మ్యాపు గురించి అందరూ ఎందుకు అంతగా పొగుడుతారు?

జేమ్స్ దాని మీద ఎర్ర కలంతో రాసుకుంటాడు కాబట్టి. తాళం పడిన తలుపు మీద గీత, వెళ్లగలిగే తలుపుకు గుర్తు, చిక్కు ప్రశ్న ఉన్నచోట ఒక ముక్క. మనం తలుపు లాగి చూడకపోతే అతడు ఏమీ రాయడు. గంట గడిచేసరికి మ్యాపు నిండా ఎర్ర గీతలు పడి, ఒకరెవరో కంగారుగా తిరిగిన జాడలా తయారవుతుంది. ఆ కంగారు మనదే.

రేడియో ఎందుకు గరగరమంటుంది?

దగ్గర్లో ఏదైనా జీవి ఉంటే జేమ్స్ జేబులోని రేడియో గరగరమంటుంది. మొదట ఇది సాయం అనుకుంటాం. కాసేపటికి అసలు సంగతి తెలుస్తుంది. ఏదో ఉందని చెబుతుంది గానీ ఎటువైపు ఉందో చెప్పదు. పొగమంచులో నాలుగు వైపులా తిరుగుతూ నిలబడిపోతాం. ఏమీ చెప్పకపోతేనే నయమనిపిస్తుంది.

రేడియో మోగనిచోట యమవోకా పని మొదలవుతుంది. జైలు భాగంలో ఖాళీ కటకటాల వెనక నుంచి ఏదో గొణుగుతున్నట్టు వినిపిస్తుంది, టార్చి వేస్తే ఎవరూ ఉండరు. ఆ జైలు పెరట్లో ఉరికంబం దగ్గరకు వెళ్తే చీకట్లో గుర్రం పరుగెత్తుతున్న డెక్కల చప్పుడు. గుర్రం కనిపించదు, ఆట ముగిసేదాకా కనిపించదు. అక్కడ కొట్టాల్సినది ఏదీ లేదు, గెలవాల్సినది ఏదీ లేదు. నేను మాత్రం తుపాకీ ఎక్కుపెట్టి గోడకు వీపు ఆనించి నిలబడిపోయాను.

భయస్థులు ఆడగలరా?

ఒక్కసారిగా అరిచి ఉలిక్కిపడేలా చేసే ఘట్టాలు ఇందులో తక్కువ. భయం నెమ్మదిగా ఎక్కుతుంది, ఆట ఆపేశాక కూడా దిగదు. గుండె దడ కన్నా దిగులు ఎక్కువ అనవచ్చు. కుటుంబ సభ్యుల చేతుల్లో హింసకు గురైనవారి బాధ, దీర్ఘకాలపు జబ్బు, ఆత్మహత్య, ఇవన్నీ కథలో ఉన్నాయి. మనసు బాగోలేని రోజుల్లో మొదలుపెట్టకండి. పిల్లలకు అసలు కాదు.

ఏది ఆడాలి? పాతదా, కొత్తదా?

2001 ప్లేస్టేషన్ 2 ఆటే మూలం. అదే ఏడాది చివర ఎక్స్‌బాక్స్ మీద వచ్చినప్పుడు మరియా అనే పాత్రతో ఆడే చిన్న కథను జోడించారు. గంట సేపట్లో అయిపోతుంది, కానీ ప్రధాన కథ ముగించాకే ముట్టుకోండి. తర్వాత ప్లేస్టేషన్ 2కీ, కంప్యూటర్‌కూ అది వచ్చింది.

2012లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన హెచ్‌డీ కలెక్షన్‌ను దయచేసి దాటేయండి. దాన్ని చేసినవాళ్ల చేతికి పూర్తయిన ఆట మూలం కోడ్ అందలేదు. పొగమంచు పలచబడింది. సరస్సు మీద పడవ వేసుకుని వెళ్తుంటే నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో కనిపించేది. ఊరి మాయ అంతా ఆ ఒక్క అంచు దగ్గర తేలిపోయింది.

కంప్యూటర్ ఉన్నవాళ్లకు అభిమానులు ఏళ్ల తరబడి కూర్చుని పాత కంప్యూటర్ ఆటను బాగుచేసిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఉంది. పైసా ఆశించకుండా చేసిన పని. పాత ఆటను ఇవాళ చూడాలంటే నా ఓటు దానికే.

ఇక రీమేక్. బ్లూబర్ టీమ్ అనే పోలండ్ సంస్థ చేసింది, 2024 అక్టోబరు 8న ప్లేస్టేషన్ 5, కంప్యూటర్ల మీద వచ్చింది. ఇటో, యమవోకా ఇద్దరూ అందులో పాలుపంచుకున్నారు. ప్రకటన వచ్చినప్పుడు నేనూ పెదవి విరిచినవాళ్లలో ఒకడిని. ఆడాక ఆ పెదవిని వెనక్కి తీసుకున్నాను. కెమెరా జేమ్స్ భుజం వెనకకు వచ్చింది, దెబ్బను తప్పించుకునే వీలు వచ్చింది, ఆట నిడివి దాదాపు రెట్టింపయింది. నటన చాలా బాగుంది. ఒక్కటి మాత్రం పోయింది. పాత ఆటలో కెమెరా మూలల్లోనో, పైకప్పు దగ్గరో కూర్చుని జేమ్స్‌ను ఎవరో గమనిస్తున్నట్టు చూపించేది. భుజం వెనకకు వచ్చాక మనం అతడి వెంట ఉన్నాం, అతడిని చూస్తూ లేం. ఈ తేడా ఎందుకు పెద్దదో కింద ముగింపుల గురించి చదివితే తెలుస్తుంది.

ఇక్కడి నుంచి కథ గుట్టు మొత్తం విప్పుతున్నాను. ఆడనివాళ్లు ఆగిపోండి.

పిరమిడ్ హెడ్ ఎవరు?

ముందు చెప్పిన ఆ పెద్ద కత్తి అసలు యజమాని. మొదటిసారి కనిపించే చోటు గుర్తు చేసుకోండి. అపార్ట్‌మెంటు నడవా. దారికి అడ్డంగా ఇనుప కటకటాలు. రేడియో చెవులు పగిలేలా గరగరమంటుంది. కటకటాల అవతల, ఎర్రటి మసక వెలుగులో, తల స్థానంలో తుప్పుపట్టిన పెద్ద ఇనుప పిరమిడ్ మోస్తున్న మనిషి ఆకారం. అది కదలదు. పరుగెత్తి రాదు, అరవదు. ఊరికే నిలబడి ఉంటుంది. దానికి కళ్లున్నాయో లేదో తెలియదు గానీ మనవైపే తిరిగి ఉంది. వేరే గదికి వెళ్లి తిరిగొస్తే అక్కడ ఉండదు. అది ఉన్నప్పటి కన్నా లేనప్పుడు ఎక్కువ భయం వేసింది.

తర్వాత మెట్ల దగ్గర ఒక ఇరుకు గదిలో దానితో పోరాటం వస్తుంది. నేను ఉన్న గుళ్లన్నీ ఖర్చు పెట్టాను. అసలు ఒక్క గుండూ అక్కర్లేదు. దెబ్బ తగలకుండా తిరుగుతూ ఉంటే కాసేపటికి సైరన్ మోగుతుంది, అది మనల్ని పట్టించుకోకుండా నీళ్లలోకి మెట్లు దిగి వెళ్లిపోతుంది. అది ఓడిపోలేదు. దాని పని అయిపోయింది, అంతే.

ఆ పని ఏమిటో జేమ్స్ చివర్లో తానే చెప్పుకుంటాడు. తాను బలహీనుడినని, తన పాపానికి శిక్షించేవాడు ఒకడు కావాలనుకున్నానని, అందుకే నువ్వు పుట్టావని. ఆ మాట అన్నాక అక్కడున్న రెండు పిరమిడ్ హెడ్‌లూ తమ ఈటెలతో తామే పొడుచుకుని చనిపోతాయి. అందుకే తర్వాతి ఆటల్లో, ఇంకెక్కడెక్కడో దాన్ని అలంకారంగా వాడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అది జేమ్స్ ఒక్కడి అపరాధానికి వచ్చిన ఆకారం. వేరేవాళ్ల కథలో దానికి పనేమిటి?

జేమ్స్ ఏం చేశాడు?

మేరీ మూడేళ్ల క్రితం చనిపోలేదు. మూడేళ్ల క్రితం ఆమెకు జబ్బు బయటపడింది. ఆ మూడేళ్లూ చూసి, ఓర్చి, విసిగి, చివరికి జేమ్స్ ఆమె ముఖం మీద దిండు అదిమి చంపేశాడు. ఆ సంగతిని తన నుంచి తానే దాచుకున్నాడు. లేక్‌వ్యూ హోటల్ 312 గదిలో వీడియో టేపు చూసేదాకా మనకూ తెలియదు, అతడికీ తెలియదు.

జాలితో చంపాడా, తన బతుకు తనకు కావాలని చంపాడా? ఆట రెండూ నిజమంటుంది. చివర మేరీ దగ్గర జేమ్స్ ఆమె బాధ చూడలేకపోయానని అంటాడు. వెంటనే తానే అడ్డొచ్చి, కాదు, నిన్ను ద్వేషించాను కూడా, నా జీవితం నాకు కావాలనుకున్నాను అంటాడు. మంచంలో పడినవాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేసినవాళ్లు ఆ మాట దగ్గర ఆట ఆపి కాసేపు కూర్చోవడం నాకు తెలుసు.

లారాకు రాక్షసులు ఎందుకు కనిపించవు?

లారా ఊళ్లో జేమ్స్‌కు తారసపడే చిన్నపిల్ల, ఆమెకు ఎనిమిదేళ్లు. ఆమె మనసులో దాచుకున్న నేరం ఏదీ లేదు. ఊరు ఆమెకు మామూలు ఊరు. అందుకే జేమ్స్ పాకుతూ, పరుగెత్తుతూ వచ్చిన చోటికి ఆమె గెంతుకుంటూ వస్తుంది, తాళం చెవి అందుకోబోతుంటే అతడి చెయ్యి తొక్కి మరీ పోతుంది.

జేమ్స్‌కు ఊళ్లో ఎదురయ్యే మిగతావాళ్ల ఊరు వాళ్ల వాళ్ల బాధలాగే ఉంటుంది. జీవితమంతా నలుగురూ నవ్విన ఎడ్డీకి అది మాంసం వేలాడే శీతల గది. తండ్రి చేతుల్లో నరకం చూసిన ఆంజెలాకు మంటలు. హోటల్లో మండుతున్న మెట్ల మీద నిలబడిన ఆంజెలాతో జేమ్స్, ఇక్కడ నిప్పుల కొలిమిలా ఉందని అంటే, నీకూ కనిపిస్తోందా, నాకు ఎప్పుడూ ఇంతే అంటుంది. తర్వాత ఆ మంటల్లోకే నడిచి వెళ్తుంది. ఆమెను కాపాడే మీట ఏదీ లేదు. కంట్రోలర్ చేతిలో ఉండీ ఏమీ చేయలేకపోవడం నాకు మొదటిసారి అక్కడే తెలిసింది.

ముగింపులు ఎన్ని? ఎలా నిర్ణయమవుతాయి?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువ చెప్పాలనుకునేదీ ఇదే.

మామూలుగా ఆడితే మూడింటిలో ఒకటి వస్తుంది. "లీవ్"లో జేమ్స్ లారాతో ఊరు వదిలి వెళ్తాడు. "ఇన్ వాటర్"లో కారుతో సహా సరస్సులో కలిసిపోతాడు. "మరియా"లో మేరీ పోలికలతో ఊరు పుట్టించిన మరియాను వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆఖర్లో ఆమె దగ్గుతుంది. ఆ దగ్గు చాలు.

రెండోసారి ఆడేటప్పుడు నాలుగు ప్రత్యేక వస్తువులు సేకరిస్తే "రీబర్త్" వస్తుంది. తర్వాత చేర్చిన "యూఎఫ్‌ఓ" నవ్వులాట. కుక్క ముగింపు నిజమేనా అని అడిగేవాళ్లకు: నిజమే. తాళం తీసి గదిలోకి వెళ్తే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న షిబా జాతి కుక్క మీటలు నొక్కుతూ ఉంటుంది. ఇదంతా నడిపిస్తున్నది నువ్వా అని జేమ్స్ మోకాళ్ల మీద కూలబడతాడు. అంత ఏడిపించినవాళ్లకు నవ్వించే హక్కు ఉంది. రీమేక్‌లో ఇంకో రెండు కొత్త ముగింపులు కలిపారు.

ఆ మొదటి మూడింటిని మనచేత ఎంచుకోనివ్వరు. ఆట ఎక్కడా అడగదు. మనం ఎలా ఆడుతున్నామో చాటుగా చూస్తూ లెక్క వేసుకుంటుంది. మేరీ ఫొటో, ఆమె ఉత్తరం తీసి చూసుకుంటే ఒకవైపు. మరియాను కనిపెట్టుకుని ఉంటే, ఆమె పడుకున్న ఆసుపత్రి గదికి పనిలేకపోయినా తిరిగి వెళ్తే ఇంకోవైపు. ఆంజెలా వదిలేసిన కత్తిని తీసి పరీక్షగా చూస్తే మరోవైపు. చివరి నడవాలో మేరీ గొంతు వినిపిస్తుంది. ఆగి పూర్తిగా విన్నామా, పరుగెత్తుకుంటూ దాటేశామా అన్నదీ లెక్కే.

నా మొదటి ఆట సంగతి చెబుతాను. సర్వైవల్ హారర్‌లో మందులు దాచుకోవడం నాకు అలవాటు. చివరి శత్రువు కోసమని ఒక్కటీ వాడను. జేమ్స్ రక్తం ఓడుతూ కుంటుతున్నా, కంట్రోలర్ గుండెలా కొట్టుకుంటున్నా, ఇంకాస్త ఓపిక పట్టు అనుకుంటూ గంటల కొద్దీ తిప్పాను. ఆట ముగిసేసరికి నా సంచిలో పద్నాలుగు హెల్త్ డ్రింకులు ఉన్నాయి. జేమ్స్ సరస్సులో మునిగిపోయాడు.

నాకు అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత తెలిసింది, గాయాలతో ఎక్కువసేపు తిరిగితే ఇతడికి బతకాలని లేదని ఆట అనుకుంటుందని. నేను పిసినారితనం అనుకున్నదాన్ని అది నిరాశగా చదివింది. కొన్ని రోజులు నిజంగా కోపం వచ్చింది. ముందే చెప్పి ఉంటే మందు తాగించేవాడిని కదా! కానీ ముందే చెబితే నేను మందు తాగించేది ముగింపు కోసం, జేమ్స్ కోసం కాదు. మంచి మాట, చెడ్డ మాట అని రెండు మీటలు చూపించి మనస్సాక్షిని పరీక్షించామనే ఆటలు తర్వాత ఎన్నో ఆడాను. వాటిలో ఎవరూ చూడనప్పుడు నేనెలా ఉంటానో ఒక్కటీ పట్టుకోలేదు.

అయితే ఏ ముగింపు అసలైనది?

బృందం ఒకదానికి ముద్ర వేయలేదు. 2004లో వచ్చిన నాలుగో భాగంలో అపార్ట్‌మెంట్ల బాధ్యత చూసే ఫ్రాంక్ సండర్‌ల్యాండ్ జేమ్స్ తండ్రి. కొడుకూ కోడలూ ఆ ఊళ్లో మాయమయ్యారని అందులో మాటవరసకు వస్తుంది, అంతే. దాన్ని పట్టుకుని "ఇన్ వాటర్"దే గెలుపని వాదించేవాళ్లు ఉన్నారు. నాకు దక్కినదే నాది.

అన్నీ తెలిశాక మళ్లీ ఆడటంలో ఏముంది?

రెండోసారి ఆడితే మొదటి గంటలోనే దొరికిపోతాయి. అపార్ట్‌మెంట్లో టీవీ ముందు కుర్చీలో ఒక శవం ఉంటుంది. పరీక్షగా చూడండి, ఆ బట్టలు, ఆ జుట్టు జేమ్స్‌వే. తాను మేరీని పోయిన ఏడాదే కలిశానని లారా అంటుంది. జేమ్స్ లెక్క ప్రకారం మేరీ చనిపోయి మూడేళ్లు. అతడు అబద్ధాలకోరువంటూ పిల్ల మీద విరుచుకుపడతాడు, మొదటిసారి నేనూ అతడి పక్షమే. ఇక ఆ మొదటి అద్దం దృశ్యం. భార్య కోసం వచ్చిన మనిషి అనుకున్నవాడి ముఖంలో ఈసారి వేరేవాడు కనిపిస్తాడు.

అన్నిటికన్నా ఆ ఉత్తరం. ఆట అంతా మన సంచిలోనే ఉంటుంది, ఎప్పుడైనా తీసి చదవవచ్చు. మొదటిసారి నేను ఒకసారి చదివి పక్కన పెట్టేశాను, తాళం చెవి కాదు, తుపాకీ కాదు, దానితో పనేమిటని. ఆట సాగేకొద్దీ అందులో అక్షరాలు మాయమవుతాయని తర్వాత ఎక్కడో విన్నాను. అక్షరాలు పోతాయి, కాగితం పోతుంది, కవరూ పోతుంది. అసలు ఆ ఉత్తరం ఎప్పుడూ లేదన్నమాట.

అది ఏ క్షణాన చెరిగిపోతుందో పట్టుకోవాలని ఇంకోసారి మొదలుపెట్టాను. ప్రతి తలుపు దాటాక ఒకసారి, ఎర్ర చతురస్రం దగ్గర సేవ్ చేసినప్పుడల్లా ఒకసారి సంచి తెరిచి ఉత్తరం తీశాను. చేతికి తగిలితే పక్కనే ఉన్న మేరీ ఫొటో కూడా చూశాను. హోటల్ దాకా అదే పని. చెరిగిపోయే క్షణం మాత్రం నాకు చిక్కలేదు, ఉన్నట్టుండి ఒకసారి తీస్తే ఖాళీ కాగితం కనిపించింది. ముగింపు దృశ్యం మొదలైంది. సరస్సు లేదు, కారు లేదు. శ్మశానం మీదుగా లారా ముందు నడుస్తోంది, జేమ్స్ ఆమె వెనక నడుస్తున్నాడు.